7.62 అంటే సరిపోదు

చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో ఎదురుకాల్పులు జరిగిన మర్నాడు పేపర్లో పట్టుబడ్డ ఆయుధాల వరుస ఒకటి కనిపించేది: ఏకే-47, ఎస్‌ఎల్‌ఆర్, ఇన్సాస్, 303. చివర్లో ‘భారీగా తూటాలు’. ఏ తూటా ఏ తుపాకీదో మాత్రం రాసేవారు కాదు. బల్ల మీద పరిచి ఫొటో తీస్తే అన్నీ అన్నదమ్ముల్లాగే ఉంటాయి మరి.

ఏకే, ఎస్‌ఎల్‌ఆర్ రెండూ 7.62 మిల్లీమీటర్లవే. కానీ ఏకే తూటా కేసు (పోలీసు కేసు కాదు, మందు నింపే లోహపు గొట్టం) పొడవు 39 మి.మీ., ఎస్‌ఎల్‌ఆర్‌ది 51. ఛాంబర్‌ను (తుపాకీలో తూటా కూర్చునే చోటు) కేసు కొలతకు తగ్గట్టే తొలుస్తారు కాబట్టి ఒకదాని తూటా మరొకదానిలో పనికిరాదు. ఇంకో వింత: ఏకే బుల్లెట్ (తూటా కొసన ఉండి, పేలాక దూసుకుపోయే ముక్క) మందం దాదాపు 7.9 మి.మీ., ఎస్‌ఎల్‌ఆర్‌ది 7.82. ఆ మందంలో ఏకేకు దగ్గరగా ఉండేది పేరు కలవని 303 బుల్లెట్! అలాగని ఆ తూటా ఏకేలో పట్టదు. దాని కేసు వేరు, అడుగున అంచు వేరు. పైగా ఇషాపూర్ ఫ్యాక్టరీ 1960లలో 303 పోలికలతోనే 7.62 రైఫిల్ చేసింది. అంటే తుపాకీ రూపం చూసి కూడా తూటా తేల్చలేం.

ఛాంబర్ కుదిరాక ట్విస్ట్ సంగతి. బ్యారెల్ లోపలి మెలిక గాడులు బుల్లెట్‌ను బొంగరంలా తిప్పుతాయి. 303లో 10 అంగుళాలకు ఒక చుట్టు, అదీ ఎడమవైపు. ఏకేలో 240 మి.మీ.కు ఒకటి. ఎంత మెలిక కావాలో తేల్చేది ప్రధానంగా బుల్లెట్ పొడవు, బరువు కాదు. ఇంగ్లండ్‌లోని వూలిచ్‌లో లెక్కలు చెప్పే గ్రీన్‌హిల్ 1879లోనే దీనికి సూత్రం కట్టాడు. ఒకే మందం, ఒకే బరువు ఉన్నా రాగి బుల్లెట్ సీసపు బుల్లెట్ కంటే పొడవు. కనుక దానికి మెలిక ఎక్కువ కావాలి.

5.56 మి.మీ. తూటా చరిత్రే దీనికి సాక్ష్యం. అమెరికా ఎం16లో 55 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్‌కు 12 అంగుళాలకు ఒక చుట్టు చాలింది. తర్వాత 62 గ్రెయిన్ల పొడవాటి బుల్లెట్, దానికన్నా పొడవైన ట్రేసర్ (వెలుగుతూ తన దారి చూపే బుల్లెట్) వచ్చాయి. ట్రేసర్ కోసమే 7 అంగుళాలకు దిగారు. కొత్త బుల్లెట్‌ను పాత బ్యారెల్‌లో పేలిస్తే నిలకడ తప్పి అడ్డంగా తగులుతుంది. టార్గెట్ కాగితం మీద గుండ్రటి రంధ్రానికి బదులు తాళంచెవి కన్నం పడుతుంది.

లైసెన్సుదారులకు ఈ సైనిక తూటాలతో పని పడదు; వాళ్లకు ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు అమ్మే రైఫిళ్లలో .315 ఒకటి. అయినా తూటాలు కొనేముందు బ్యారెల్ మీది ముద్ర, పెట్టె మీది రాత అక్షరం అక్షరం పోల్చి చూసుకోండి. అంకె ఒక్కటే కలిస్తే కొనకండి.