గుండెలో కిటికీ – తలలో మెరుపులు

పార్శ్వపు నొప్పితో బాధపడేవారు మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఉండే ఉంటారు. తలకు ఒక పక్క పోటు, వాంతులు, వెలుతురు చూస్తే బాధ. వీరిలో కొందరికి నొప్పికి ముందు ఒక వింత కనిపిస్తుంది. చదువుతున్న పుటలో ఒకచోట అక్షరాలు మాయమవుతాయి. ఆ ఖాళీ అంచున రంపపు పళ్లలాంటి మెరుపు గీత తళతళలాడుతూ పెద్దదవుతుంది. సాధారణంగా 20, 30 నిమిషాల్లో అది తొలగిపోతుంది. దీన్ని డాక్టర్లు ‘ఆరా’ అంటారు.

ఈ మెరుపు పుట్టేది కంటిలో కాదు, మెదడులో. 1941లో కార్ల్ లాష్లీ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు తనకు వచ్చే ఆరానే బొమ్మ గీసుకుని, మెదడు పైపొర మీద ఏదో నిమిషానికి 3 మిల్లీమీటర్ల చొప్పున పాకుతున్నదని లెక్కకట్టాడు. తన జబ్బునే ప్రయోగశాలగా చేసుకున్నాడన్నమాట! 1944లో బ్రెజిల్ దేశస్థుడు లియావ్ కుందేలు మెదడులో అటువంటి నెమ్మది తరంగాన్నే చూశాడు.

మరి దీనికీ గుండెకూ ఏమిటి సంబంధం?

తల్లి కడుపులో ఉన్నప్పుడు మనకు ప్రాణవాయువు బొడ్డుతాడు ద్వారా అందుతుంది. ఊపిరితిత్తులకు అప్పుడు ఊపిరి పీల్చే పని లేదు. అందుకని రక్తంలో కొంత భాగం గుండె కుడి కర్ణిక నుంచి ఎడమ కర్ణికకు ఒక అడ్డదారిన పోతుంది. ఆ దారికి ఒకవైపే తెరుచుకునే తలుపు రెక్క ఉంటుంది. బిడ్డ పుట్టి కేరుమనగానే ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి. వాటి నుంచి ఎడమ కర్ణికకు రక్తం జోరుగా వచ్చి రెక్కను మూసేస్తుంది. క్రమంగా అది గోడకు అతుక్కుపోతుంది.

అయితే నలుగురిలో సుమారు ఒకరికి అది పూర్తిగా అతుక్కోదు. గట్టిగా దగ్గినప్పుడు కాస్త తెరుచుకుంటుంది. భయపడకండి, వారిలో చాలామందికి ఆ సంగతి జీవితాంతం తెలియనే తెలియదు.

కాని ఆరా వచ్చేవారిని పరీక్షిస్తే దాదాపు సగం మందిలో ఈ కిటికీ కనిపించింది! ఊపిరితిత్తులు రక్తానికి జల్లెడలాంటివి కూడా. చిన్న చిన్న రక్తపు గడ్డలను, కొన్ని రసాయనాలను అక్కడే ఆపేస్తాయి. అడ్డదారిన తప్పించుకున్నవి మెదడుకు చేరి ఆ తరంగాన్ని రేపుతాయేమోనని ఒక ఊహ.

అయితే కిటికీ మూస్తే నొప్పి పోవాలి కదా! బ్రిటన్‌లో 147 మందిపై పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. సగం మందికి తొడ సిర గుండా సన్నని గొట్టం పంపి, గొడుగులాంటి సాధనంతో కిటికీ మూశారు. మిగతావారికి మత్తు ఇచ్చి, చర్మం మీద చిన్న గాటు మాత్రం పెట్టారు. ఎవరికి ఏది చేశారో వారికే తెలియదు. తీరా చూస్తే, తలనొప్పి పూర్తిగా మానినవారు అటు ముగ్గురు, ఇటు ముగ్గురే!

2017లో వెలువడిన మరో పరీక్షలోనూ మొత్తం మీద అనుకున్న మేలు తేలలేదు. ఆరా తరచుగా వచ్చే వారిలో మాత్రం కొంత గుణం కనిపించింది. అందుకే ఒక్క పార్శ్వపు నొప్పి కోసమే ఆ కిటికీని మూయడం ఇప్పటికీ మామూలు వైద్యంగా స్థిరపడలేదు.