చెఱువు చెంత సకుటుంబ విడిది - గాలమునకు మంచి తావు

కోతలు ముగిసి ధాన్యము ఇల్లు చేరిన పిమ్మట ఆలుబిడ్డలతో ఏదేని పెద్ద చెఱువు చెంత రెండు దినములు విడిసి, గాలము వేసికొని, అచ్చటనే వండుకొని తిని రావలెనని కోరు సభ్యులు మన సంఘమున పెక్కుమంది కలరు. ఎచ్చటికి పోవచ్చును, డేరా ఎచ్చట వేయవలెను, చేపలు ఎచ్చట పడును అని వారు మమ్ము తఱచుగా అడుగుచుందురు. ఈ మూడు ప్రశ్నలకంటె ముందు అడుగవలసినది మఱియొకటి కలదు. ఆ చెఱువులోని చేప ఎవరిది?

చెఱువు నీరు దేవుడిచ్చినది, చేపయు అట్టిదే యని కొందఱు తలంతురు. ఇది పొరపాటు. బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసు అను మూడు జాతులును వానకాలమున పాఱుచున్న నదీజలములలో గ్రుడ్లు పెట్టునవి. నిలువనీటి చెఱువులలో ఇవి పెరుగునే కాని సాధారణముగా సంతానము కనవు. పూర్వము నదులలో పిల్లలను పట్టి తెచ్చి చెఱువులలో విడుచుచుండిరి. 1957 సంవత్సరమున ఒడిశాలో హీరాలాల్ చౌధురి, ఆలికున్హి అను శాస్త్రజ్ఞులు పీయూషగ్రంథి రసమును సూదిమందుగా నిచ్చి ఇట్టి జాతులచే గ్రుడ్లు పెట్టించిరి. నాటినుండి ఈ పిల్లలను కేంద్రములలోనే పుట్టించి పెంచు పద్ధతి వ్యాపించినది. తెలంగాణములో 2016 మొదలు ప్రభుత్వమే చేపపిల్లలను ఉచితముగా చెఱువులలో విడిపించు పథకము చేపట్టినది.

కావున గాలమునకు చిక్కిన బొచ్చె అడవిమృగము కాదు, ఒకరు విత్తిన పైరు. పెక్కు చెఱువులలో చేపలు పట్టు హక్కు మత్స్యకారుల సహకార సంఘములకే కౌలుగా ఇయ్యబడును. ఏడాది పొడుగున వారు కాచికొన్న పంట అది. మన చేనిలో పరాయివాడు చెప్పక రెండు గుప్పెళ్ల కంకులు కోసికొన్నను మనము ఊరకుందుమా? అట్లే వారును ఊరకుండరు. మొదట ఊరిలో దిగి ఆ సంఘపు అధ్యక్షుని గాని పెద్దలను గాని కలిసికొని, ఎన్ని గాలములు వేయవచ్చును, వలలు ఏ వైపున కట్టియున్నవి, పట్టిన చేపకు వెల ఈయవలెనా అని అడుగవలెను. అడిగినవారికి మంచి తావు చూపువారు కూడ వారే.

ఇక ఏ చెఱువునకు పోవలెను? ములుగు జిల్లాలోని లక్నవరము కాకతీయుల కాలమునాటిది. చుట్టును కొండలు, నీటి నడుమ దీవులు, వానిని కలుపు వ్రేలాడువంతెన కలవు. పర్యాటకశాఖవారి కుటీరములు ఉన్నందున డేరాలు మోసికొని పోలేనివారికిని, చంటిబిడ్డల తల్లులకును అనుకూలము. గణపతిదేవుని కాలమున 1213లో కట్టబడిన పాకాల చెఱువు కూడ మిక్కిలి అందమైనది. అయితే అది అభయారణ్యములో నున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అటవీశాఖవారి అనుమతి లేనిదే అచ్చట విడియుటకు గాని, చేపలు పట్టుటకు గాని పూనుకొనరాదు. దూరము పోలేనివారికి పొరుగూరి పెద్దచెఱువే చాలును. గొప్ప పేరుగల చెఱువుకంటె, అనుమతి దొరకి, త్రాగునీరు దగ్గఱనుండి, పిల్లలకు అపాయము లేని చెఱువే మేలు.

డేరా వేయు తావు విషయమై మా అనుభవము ఒకటి చెప్పుదుము. కొన్నేండ్ల క్రిందట ఒక చెఱువు శిఖములో పచ్చిక మెత్తగా నున్నదని మురిసి అచ్చటనే డేరా దింపితిమి. ఆ రాత్రి ఎగువను అకాలవర్షము కురిసి వాగు పొంగినది. తెల్లవారుజామునకు చాపల క్రిందికి నీరు వచ్చినది. నిద్రమత్తులోనున్న పిల్లలను భుజములపై వేసికొని, బియ్యపుమూటను చీకటిలోనే విడిచి, మెరకకు పరుగెత్తితిమి. నీరు మోకాలిలోతు దాటలేదు కనుక బ్రతికితిమి. నాటినుండి మేమొక నియమము పెట్టుకొంటిమి. అలుగు తల ఏ మట్టమున నున్నదో చూచి, అంతకు పైనున్న నేలమీదనే విడియుదుము. చెఱువు నిండినపుడు నీరు ఆ మట్టమువఱకు వచ్చునని రైతునకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

కట్టమీద విడియుటయు తగదు. మేకులు దిగగొట్టుట, పొయ్యికొఱకు గోతులు త్రవ్వుట కట్టకు హాని. తూము వద్దను, అలుగు వద్దను పిల్లలను దిగనీయరాదు. తూము తెఱచియున్నపుడు లోపలి లాగుడు పైకి కనబడదు. అన్నిటికంటె భయంకరమైనవి మట్టి త్రవ్వుకొనిపోయిన గుంతలు. ఒడ్డున చీలమండలోతు నీరుండి, తరువాతి యడుగున నిలువులోతు రావచ్చును. ఏ వైపున మట్టి తీసిరో ఊరివారిని అడిగి, ఆ వైపునకు పిల్లలను పోనీయక, పెద్దవారొకరు ఎల్లప్పుడు కాపుండవలెను. గాలము చూచుచున్నవాడు బిడ్డను చూడలేడు. కాపు పని వేఱొకరికి అప్పగింపవలెను.

ఇక చేప. తెల్లవాఱినపుడును, ప్రొద్దు వాలినపుడును అది మేతకు వచ్చును. వాగునీరు చెఱువులో కలియు చోటు, తామరతూండ్ల అంచు, మునిగిన చెట్టు నీడ మంచి తావులు. బొచ్చె పైనీటిలోను, శీలావతి నడిమి నీటిలోను, ఎఱ్ఱమోసు అడుగునను మేయును. కావున ఎఱ ఎంత లోతున నిలువవలెనో బెండును జరిపి సరిచేసికొనవలెను. ఈ జాతులకు తవుడును పిండియు కలిపిన ముద్ద, జెల్లకు వానపాము తగిన ఎఱ. జెల్లను గాలమునుండి విడిపించునపుడు దాని ముండ్లు గ్రుచ్చుకొనును. ఆ పని పిల్లలకు ఈయరాదు.

తెలంగాణము రాష్ట్రచేపగా ఎన్నుకొన్న కొర్రమీను కలుపుగల లోతులేని నీటిలో నుండును. ఇది చెఱువులోనే గ్రుడ్లు పెట్టి, పిల్లలు పెరుగువఱకు తల్లిదండ్రులు కాచుకొనును. నీటిపై ఎఱ్ఱని చిన్నపిల్లల గుంపు మెదలుచున్నచో, వాని క్రిందనే పెద్దవి ఉన్నవని గ్రహింపవలెను. అచ్చట గాలము వేయుట సులభమే. కాని కాపు పోయిన ఆ పిల్లలను ఇతర చేపలు మ్రింగివేయును. ఒక చేపకొఱకు వందల చేపలను పోగొట్టుట లాభసాటి వ్యవహారము కాదు. మందుగుండును, విషమును నీటిలో వేయుట నేరము.

వచ్చునపుడు తెగిన గాలపు దారములను, ప్లాస్టిక్ సంచులను ఏఱి తెచ్చుకొనవలెను. ఆ దారము పక్షుల కాళ్లకు చుట్టుకొనును. ఆ సంచిని మేతకు వచ్చిన పశువు మ్రింగును. ఆ పశువు మనవంటి రైతుదే.

అనుమతి దొరకనిచో చిన్నబుచ్చుకొననక్కఱలేదు. వల లాగు వేళకు ఒడ్డునకు పోయి, తూకమువేయించి, వెలయిచ్చి, ఎగురుచున్న చేపను పిల్లలచేతికే ఈయుడు. గాలమునకు పడిన చేపకంటె దాని రుచి తక్కువ కాదు. ఒక సహకార సంఘపు సొమ్ము ఇంకొక సహకార సంఘపు సభ్యునిచే న్యాయముగా చేరినదను తృప్తియు మనకు మిగులును.