వేలిగోరంత కార్డు, 28 రోజుల గడువు

కోనసీమలోని అంబాజీపేట కొబ్బరి మార్కెట్ ధర ఇప్పుడు ముందు ఫోన్‌లోనే తెలుస్తుంది. కొత్త కొబ్బరి క్వింటాలు ఎంత, ఎండిన కురిడీ రకాల్లో గండేరా ఎంత, గటగట ఎంత, ముక్కుడు కాయ వెయ్యికి ఎంత పలికింది అన్న కబురు మర్నాటి పేపరు కంటే ముందే వాట్సాప్‌లో రైతుకు చేరిపోతుంది. కాయల దింపు కూలి ఫోన్‌పేలో పడుతుంది. కువైట్‌లో ఉన్న కూతురు రాత్రి పూట వీడియో కాల్‌లో పలకరిస్తుంది. ఇదంతా ఫోన్ పక్కన చిన్న ట్రేలో కూర్చున్న సిమ్ కార్డు చలవ. దాని పొడవు 12.3 మిల్లీమీటర్లు, వెడల్పు 8.8. రీచార్జ్ గడువు దాటిన రోజున, వైఫై లేకపోతే, పాతిక వేలు పోసి కొన్న ఫోన్ కూడా ఎందుకూ కొరగాదు.

ఆ ముక్క తాతముత్తాతలు బ్యాంకు కార్డులు. 1968లో జర్మనీకి చెందిన హెల్ముట్ గ్రోట్రుప్, యుర్గెన్ డెత్లోఫ్ అనే ఇద్దరు కార్డులో చిప్ పెట్టే ఆలోచనకు పేటెంట్ దరఖాస్తు చేశారు. 1974లో ఫ్రాన్స్‌లో రోలాండ్ మొరెనో జ్ఞాపకశక్తి ఉన్న కార్డుకు పేటెంట్ తీసుకున్నాడు. 1970ల చివరికి మరో ఫ్రెంచి ఇంజనీరు మిషెల్ ఊగోన్ కార్డులోనే ఓ చిన్న కంప్యూటర్‌ను ఇమిడ్చాడు. ఆ చివరి అడుగు లేకపోతే సిమ్ లేదు.

అప్పటి చాలా మొబైల్ ఫోన్లలో చందాదారుడి గుర్తింపు ఫోన్‌లోనే ఉండేది. ఆ గుర్తింపు సంఖ్యలు గాల్లో బాహాటంగా ప్రయాణించేవి. రేడియో పరికరంతో వాటిని పట్టుకున్నవాడు మరో ఫోన్‌లోకి ఎక్కించి, ఇంకొకరి బిల్లు మీద హాయిగా మాట్లాడుకునేవాడు. 1982లో యూరప్ దేశాలు ఉమ్మడి మొబైల్ వ్యవస్థ కోసం జీఎస్ఎం అనే బృందాన్ని పెట్టుకున్నాయి. గుర్తింపును ఫోన్ నుంచి విడదీసి కార్డులో పెట్టాలన్న నిర్ణయం ఆ వ్యవస్థ రూపకల్పనలోనే జరిగింది. ఫోన్ ఎవరిదైనా కావచ్చు, కార్డు పెట్టుకున్నవాడిదే నంబర్. 1991లో మ్యూనిక్‌కు చెందిన గీసెకె అండ్ డెవ్రియెంట్ ఫిన్లాండ్ కంపెనీ రేడియోలింజాకు మొదటి 300 సిమ్ కార్డులు అమ్మింది. అది కరెన్సీ నోట్లు అచ్చువేసే కంపెనీ. దొంగ నోటును ఎలా ఆపాలో తెలిసినవాళ్ల చేతిలో సిమ్ పుట్టడం సబబుగానే ఉంది.

మొదట్లో అది ఏటీఎం కార్డంత ఉండేది. తర్వాత మినీ, మైక్రో, 2012లో నానో. తరిగిందంతా ప్లాస్టిక్కే, చిప్ చేసే పని మారలేదు. పైన మెరిసే బంగారు పూత అందం కోసం పూసింది కాదు, బంగారం తుప్పు పట్టదు. ఆ గడుల గుండానే కరెంటు, గడియారపు టిక్కులు, సమాచారం లోపలికీ బయటికీ వెళ్తాయి. లోపల 15 అంకెల దాకా ఉండే ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. మన దేశపు కార్డుల్లో అది 404తోనో 405తోనో మొదలవుతుంది. మనం అందరికీ చెప్పే ఫోన్ నంబర్ దీనికి వేరు. ఆ నంబర్‌కూ ఈ సంఖ్యకూ ముడివేసిన జాబితా కంపెనీ దగ్గర ఉంటుంది. కార్డు పోతే అదే నంబర్‌తో కొత్త కార్డు ఇవ్వగలిగేది అందుకే.

దీనితోపాటు 128 బిట్ల రహస్య సంకేతం ఒకటి ఉంటుంది. అది కార్డులోనూ కంపెనీ సర్వర్‌లోనూ తప్ప ఇంకెక్కడా ఉండకూడదు, గాల్లో ఎన్నడూ ప్రయాణించదు. ఫోన్ ఆన్ చేయగానే నెట్‌వర్క్ ఒక యాదృచ్ఛిక సంఖ్యను పంపుతుంది. కార్డు దాన్ని తన రహస్యంతో కలిపి లెక్కగట్టి జవాబు పంపుతుంది. కంపెనీ కూడా అదే లెక్క చేసుకుంటుంది. రెండూ కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. ప్రశ్న ప్రతిసారీ కొత్తదే కాబట్టి, జవాబును దొంగిలించినా మరోసారి పనికిరాదు. 3జీ నుంచి కార్డు కూడా ఎదురు పరీక్ష పెడుతుంది, ఈ నెట్‌వర్క్ అసలుదేనా అని. నిమిషం కూడా పట్టని ఈ పనిలో ఎంత తెలివి దాగి ఉందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న కలకత్తా నుంచి వెళ్లింది. పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలో కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ రోజుల్లో వచ్చిన కాల్‌కు కూడా డబ్బు కట్టాలి. 2003లో ఆ భారం పోయింది. 2005 చివర్లో ‘లైఫ్‌టైమ్ వాలిడిటీ’ వచ్చింది. 999 రూపాయలు కడితే నెలనెలా గడువు చూసుకునే పని తప్పింది.  2016 సెప్టెంబర్ 5న జియో రావడంతో డేటా ధర నేలకు దిగింది, ఊరూరా వీడియో కాల్ వచ్చింది. అది నిజంగా పెద్ద మేలు. కానీ 2018 చివరికి కొన్ని ప్రైవేటు కంపెనీలు నంబర్ బతికి ఉండాలంటే 28 రోజులకోసారి కనీసం 35 రూపాయల రీచార్జ్ అన్నాయి. అప్పటి నుంచి గడువే అసలు సరుకైంది. ఏడాదికి 12 నెలలే, 28 రోజుల ప్యాక్ వేసుకునేవాడికి మాత్రం 13 రీచార్జ్‌లు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 జనవరిలో కలుగజేసుకుని, ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్యాక్, ప్రతి నెలా అదే తేదీకి వేసుకునే ప్యాక్ ఒకటి తప్పనిసరిగా పెట్టాలని చెప్పింది. అవి ఉన్నాయి, అడిగితేనే చూపిస్తారు.

ఇక డేటా లెక్క. రోజుకు 1.5 జీబీ ప్యాక్ వేసుకుంటే దాన్ని కొలిచేది ఫోన్ కాదు, ఇంటర్నెట్‌కు దారి ఇచ్చే కంపెనీ గేట్‌వే. పెళ్లి వంటశాలలో స్టోరు తాళం పట్టుకున్న పెద్దమనిషి బియ్యం దఫాలవారీగా కొలిచి ఇచ్చినట్టు, డబ్బు లెక్క చూసే ఛార్జింగ్ సర్వర్ గేట్‌వేకు కొంత కొంత కోటా విడుదల చేస్తుంది. అది అయిపోగానే గేట్‌వే మళ్లీ అడుగుతుంది. సిగ్నల్ బాగాలేక దారిలో పోయి మళ్లీ పంపాల్సి వచ్చిన ముక్కలు కూడా ఈ లెక్కలో పడవచ్చు. ఫోన్ చూపించే అంకె, కంపెనీ యాప్ చూపించే అంకె ఒకటి కాకపోవడానికి ఇదో కారణం. మనం చూసిందే కాదు, మనం పంపిందీ లెక్కే. ఫోటోలు వాటంతటవే బ్యాకప్ అవుతుంటే, తెల్లారేసరికి సగం కోటా కరిగిపోవచ్చు.

కోటా అయిపోయాక చాలా ప్యాకుల్లో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే సెకనుకు 8 కిలోబైట్లు. 2 ఎంబీ ఫోటో రావడానికి నాలుగు నిమిషాల పైనే. అయితే యూపీఐ చెల్లింపుకు కావలసింది కొన్ని కిలోబైట్లే. ఆ సమయంలో సెట్టింగ్స్‌లో డేటా సేవర్ ఆన్ చేసి, మిగతా యాప్‌ల నోరు కట్టేస్తే డబ్బు వెళ్లే అవకాశం బాగా పెరుగుతుంది. వాట్సాప్‌లో మొబైల్ డేటా మీద ఆటో డౌన్‌లోడ్ ఆపేయడం, ప్లే స్టోర్ అప్‌డేట్లు వైఫైకి పరిమితం చేయడం, వీడియోను 480పీలో చూడడం, ఈ మూడు పనులు చేస్తే చాలామందికి బూస్టర్ ప్యాక్ అవసరమే రాదు. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున నడిచే వీడియో గంటకు 450 ఎంబీ తింటుంది, నాణ్యత పెంచితే దానికి రెట్టింపు, మూడింతలు.

కోనసీమలో మరో చిక్కు ఉంది. ఆకులు, అందులోనూ వానకు తడిసిన ఆకులు, రేడియో తరంగాలను పీల్చేస్తాయి. తరంగం పౌనఃపున్యం పెరిగేకొద్దీ నష్టం పెరుగుతుంది. 900 మెగాహెర్ట్జ్ సిగ్నల్ చిక్కటి తోటలోకి కొంత దూరం చొరబడుతుంది, 2300 అయితే త్వరగా నీరసపడుతుంది. రోడ్డు మీద నాలుగు గీతలు చూపిన ఫోన్ తోట మధ్యకు వెళ్లేసరికి ఒక గీతకు దిగడానికి అదొక కారణం. అప్పుడు ఫోన్ గట్టిగా అరిచి టవర్‌ను అందుకోవాలి, బ్యాటరీ తొందరగా అయిపోతుంది. ఏ కంపెనీ సిగ్నల్ మీ తోటలో నిలుస్తుందో తోటలోనే చూసుకుని, నచ్చకపోతే 1900కు పోర్ట్ మెసేజ్ పంపండి. నంబర్ మారకుండా కంపెనీ మారే ఆ హక్కు 2011 జనవరి నుంచి దేశమంతా ఉంది.

2022 మే 24న కోనసీమ జిల్లా పేరు వివాదంలో అమలాపురంలో హింస చెలరేగింది. ఆ తర్వాత కోనసీమలో రోజుల తరబడి మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు సిగ్నల్ వెతుక్కుంటూ గోదావరి వైపు వెళ్లారు. సిమ్ అదే, టవర్ అదే, ఇంటర్నెట్ దారి మాత్రం మూసుకుంది. 4జీలో కాల్ కూడా డేటాగానే వెళ్తుంది, కానీ కంపెనీ సొంత దారిలో వెళ్తుంది. ఇంటర్నెట్‌కు వేరే దారి. ఒకదాన్ని ఆపి మరోదాన్ని ఉంచడం సాంకేతికంగా ఎప్పుడూ సాధ్యమే. అందుకే, కాల్స్, మెసేజ్‌లే చాలు అనే పెద్దావిడ చేత డేటా కూడా కొనిపించడానికి సాంకేతిక కారణం ఏదీ లేదంటాను.

ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం గల్ఫ్ కుటుంబాలు. ఎడారి దేశాలకు వెళ్లిన మనిషి ఇక్కడి నంబర్‌ను వాళ్లమ్మ ఫోన్‌లో రెండో సిమ్‌గా వదిలి వెళ్తుంది. బ్యాంకుకూ, ఆధార్‌కూ ఆ నంబరే ముడిపడి ఉంటుంది. ఓటీపీ ఇక్కడికొస్తే, అమ్మ వాట్సాప్ కాల్‌లో అంకెలు చదివి వినిపిస్తుంది. రీచార్జ్ మరిచిపోతే ఆ దారి తెగిపోతుంది. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే కనెక్షన్ తీసేయవచ్చు. ఖాతాలో 20 రూపాయలు ఉంటే ఆ మొత్తం తీసుకుని మరో 30 రోజులు నిలపాలని 2013 నాటి నిబంధన. తీసేసిన నంబర్‌ను 90 రోజుల తర్వాత మరొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు మన బ్యాంకు కబుర్లు ఆ మరొకరికి వెళ్తాయి. గుర్తింపును మనిషి చేతిలో పెట్టడానికి పుట్టిన కార్డుకు ఇది అన్యాయమైన గతి.

2024 డిసెంబర్ 23న ట్రాయ్ నిబంధనలు సవరించింది. కాల్స్, ఎస్ఎంఎస్ మాత్రమే ఉండే ప్యాక్ ప్రతి కంపెనీ ఇవ్వాలి. ప్రత్యేక ప్యాక్‌ల గడువు పరిమితిని 90 రోజుల నుంచి 365 రోజులకు పెంచింది. 2025 జనవరిలో కంపెనీలు అలాంటి ప్యాకులు తెచ్చాయి, యాప్‌లో డేటా ప్యాకుల వెనక ఎక్కడో ఉంటాయి, వెతకాలి. ఊరు దాటే ముందు అలాంటి ఏడాది గడువు ప్యాక్ వేయించండి. సెట్టింగ్స్‌లో సిమ్ లాక్ పెట్టి పిన్ మార్చండి. మూడుసార్లు తప్పు కొడితే కార్డు తాళం విప్పే 8 అంకెల పీయూకే అడుగుతుంది. అదీ పదిసార్లు తప్పితే కార్డు శాశ్వతంగా మూసుకుపోతుంది. ఆ 8 అంకెలు సిమ్ వచ్చిన ప్లాస్టిక్ చట్రం మీద ఉండొచ్చు. చట్రాన్ని పారేయకుండా బ్యాంకు పాస్‌బుక్‌లో పెట్టమని అమ్మకు చెప్పి విమానం ఎక్కండి.