సంచి తీసేశాక మిగిలే ప్రశ్న

వినుకొండ, నూజెండ్ల, బొల్లాపల్లి వైపు ఊళ్లలో నలభై దాటిన ఆడవాళ్లు నలుగురు కూర్చుంటే సంచి ఆపరేషన్ ప్రస్తావన రాకుండా ఉండదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంలో నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, దేశంలోకెల్లా ఎక్కువ. తెల్లబట్టకీ నడుంనొప్పికీ కూడా "ఉంచుకుంటే కాన్సరవుతుంది" అన్న భయం తోడవుతుంది.

ఆ భయంలో రెండు జబ్బులు కలిసిపోయాయి. గర్భాశయ ముఖద్వారానికి వచ్చే కాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ వైరస్. లోపలి పొరకు వచ్చేది వేరే జబ్బు. ఎక్కువగా ముట్లుడిగాక వస్తుంది. ఊబకాయం, షుగరు, ప్రొజెస్టెరాన్ అదుపు లేని ఈస్ట్రోజన్ దాన్ని పెంచుతాయి. ముట్లుడిగాక మళ్లీ రక్తం కనిపించడం దాని తొలి గుర్తు.

ఈ పొర కాన్సర్లన్నీ ఒకటి కావని 2013లో అమెరికా కాన్సర్ జీనోమ్ అట్లాస్ బృందం తేల్చింది. 373 కణితుల జన్యువులు చదివి నాలుగు గుంపులు చేసింది. ఒక గుంపులో డీఎన్‌ఏను నకలు తీసే పోల్-ఈ ఎంజైముకే తన తప్పు తాను దిద్దుకునే శక్తి పోయి, అక్షరదోషాలు వేలల్లో పేరుకుంటాయి. తప్పులు పెరిగితే జబ్బు ముదిరినట్టే అనుకుంటాం కదా? ఈ గుంపు వాళ్లే అందరికన్నా బాగా కోలుకుంటారు. పి53 జన్యువు చెడిన గుంపులో అక్షరదోషాలు తక్కువే. కానీ క్రోమోజోముల ముక్కలకు ముక్కలే పోతాయి, లేదా రెట్టింపవుతాయి. అందరికన్నా ప్రమాదం వీళ్లకే. మరో గుంపులో ఈ గందరగోళాలేవీ పెద్దగా ఉండవు.

మిగిలిన గుంపు దాదాపు నాలుగో వంతు. మన కథకు ముఖ్యమైనది ఇదే. డీఎన్‌ఏలో ఒకే అక్షరం వరసగా వచ్చే చోట్లుంటాయి. బ్యాట్-26 అనే చోట 'ఎ' ఇరవై ఆరుసార్లు వస్తుంది. రామకోటి రాసేవాళ్లకు లెక్క తప్పినట్టే నకలు తీసే ఎంజైమూ అక్కడ జారుతుంది. ఆ తప్పును సరిదిద్దేవి ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 అనే ప్రోటీన్లు, జంటలుగా పనిచేస్తాయి. ఈ మరమ్మతు గుట్టు విప్పినందుకే పాల్ మోడ్రిచ్‌కు 2015లో నోబెల్ వచ్చింది. వీటిలో ఒకటి మూగబోతే ఆ వరసల పొడవు కణానికో తీరుగా మారిపోతుంది. దాన్నే మైక్రోశాటిలైట్ అస్థిరత అంటారు.

ఇలాంటి పునరావృతాలతో హైదరాబాదుకు పాత పరిచయమే ఉంది. అక్కడి సీసీఎంబీ పరిశోధనశాలలో లాల్జీ సింగ్ అనే శాస్త్రవేత్త 1980ల చివర డీఎన్‌ఏ వేలిముద్రలు తీసింది కట్లపాము జాతిలో దొరికిన జి-ఎ-టి-ఎ వరసల ఆధారంతోనే. మనిషిని గుర్తుపట్టడానికి పనికొచ్చిన లక్షణమే కణితినీ పట్టిస్తోంది.

ఆ నాలుగు ప్రోటీన్ల మరమ్మతు చాలామందిలో వయసు మీద, కణితిలో మాత్రమే ఆగిపోతుంది. పొర కాన్సర్ వచ్చినవాళ్లలో నూటికి సుమారు ముగ్గురిలో మాత్రం ఆ లోపం పుట్టుకతోనే ఉంటుంది. కవి జాషువా వినుకొండలో పుట్టిన 1895లోనే, అమెరికాలోని మిషిగన్‌లో ఒక దర్జీ స్త్రీ ఆల్డ్రెడ్ వార్తిన్ అనే డాక్టరుతో, తమ ఇంట్లో అందరూ పేగు, గర్భసంచి కాన్సర్లతోనే పోతున్నారనీ, తానూ అలాగే పోతాననీ చెప్పింది. అన్నట్టే గర్భసంచి కాన్సర్‌తోనే పోయింది. ఆ వంశం గురించి వార్తిన్ 1913లో రాశాడు. తర్వాత హెన్రీ లించ్ ఈ పరిశోధనను ముందుకు తీసుకెళ్లడంతో ఆ పుట్టుక లోపానికి లించ్ సిండ్రోమ్ అన్న పేరొచ్చింది. ఇది కూతురికే కాదు, కొడుక్కీ సగానికి సగం అవకాశంతో సంక్రమిస్తుంది. సంచి తీసేసినా పెద్దపేగుకు ముప్పు అలాగే ఉంటుంది. ఇంట్లో మిగతావాళ్లకు పెద్దపేగును లోపల చూసే కొలొనోస్కోపీ ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియాలంటే ముందు ఈ సంగతి బయటపడాలి.

చికిత్సలోనూ తేడా ఉంది. ఇన్ని తప్పులున్న కణితి వింత ప్రోటీన్లు తయారుచేస్తుంది, రోగనిరోధక కణాలు వాటిని పరాయివని పసిగట్టగలవు. అందుకే 2017లో అమెరికా, ముదిరిన కాన్సర్ ఏ అవయవానిదైనా ఈ అస్థిరత ఉంటే, రోగనిరోధక కణాలకు ఊతమిచ్చే పెంబ్రోలిజుమాబ్ అనే మందు ఇవ్వొచ్చని అనుమతించింది. మన దగ్గర దాని ధర సామాన్యుడికి అందేది కాదు, అది వేరే బాధ.

ఈ లోపాన్ని పట్టే పరీక్ష మాత్రం అంత దూరంలో లేదు. ముక్క పరీక్ష చేసిన కణజాలాన్ని మైనం దిమ్మెలో దాస్తారు. దాని పలచటి పొరలకు రంగులద్ది ఆ నాలుగు ప్రోటీన్లు ఉన్నాయో లేవో చూస్తారు. సంచి ఎక్కడ తీసినా దాన్ని పాథాలజీకి పంపారా అని అడగాలి, రిపోర్టు తీసుకోవాలి. కాన్సర్ అని వస్తే ఈ పరీక్ష చేయించమనాలి. దిమ్మె భద్రంగా ఉంటే ఏళ్ల తర్వాతైనా చేయొచ్చు.