క్రొవ్వు ఎట్లా జీర్ణమవుతుంది?

పప్పన్నంలో నేయి కలుపుకొని తిన్న చేతిని ఉత్త నీటితో కడిగితే జిడ్డు వదలదు. సబ్బుగాని, కుంకుడురసంగాని తగలాలి. క్రొవ్వు నీటిలో కరగకపోవడమే దీనికి కారణం. మన జీర్ణరసాలన్నీ నీటితో కూడినవే గదా! మరి తిన్న నేయి లోపల ఎట్లా జీర్ణమవుతుంది?

1622లో ఇటలీ దేశపు వైద్యుడు గాస్పరె అసెల్లీ, అప్పుడే ఆహారం తిన్న కుక్క ఉదరాన్ని కోసి చూస్తూ, ప్రేవులనుండి బయలుదేరే సన్నని తెల్లని నాళాలను గమనించాడు. పాలవలె కనబడే వీటిని క్షీరనాళాలు అందాము. ఆ తెలుపు జీర్ణమై లోపలికి చేరిన క్రొవ్వుదే.

1846 ప్రాంతంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లోడ్ బెర్నార్ ఈ తెలుపునే సాక్ష్యంగా తీసుకొన్నాడు. కుందేలులో పైత్యనాళం చిన్నప్రేవు పైభాగాన తెరచుకొంటుంది. క్లోమనాళం దానికి దాదాపు ఒక అడుగు దిగువన తెరచుకొంటుంది. క్రొవ్వు తినిపించిన కుందేలులో క్లోమనాళానికి దిగువనున్న క్షీరనాళాలే తెల్లబడ్డాయి. కాబట్టి క్రొవ్వును జీర్ణం చేసేది క్లోమరసమని ఆయన నిర్ణయించాడు.

అయితే పైత్యరసానికి పని లేదా? తరువాత ఆల్బెర్ డాస్ట్ర్ అనే శాస్త్రజ్ఞుడు శస్త్రచికిత్స చేసి, కుక్కలో పైత్యరసం క్లోమనాళానికి దిగువన ప్రేవులో పడేటట్లు మార్చాడు. ఈసారి పైత్యరసం పడిన చోటికి దిగువననే నాళాలు తెల్లబడ్డాయి. అనగా రెండు రసాలూ కలిసిననే పని జరుగుతుంది.

పైత్యరసంలో క్రొవ్వును జీర్ణం చేసే ఎంజైము ఏదీ లేదు. కాని దానిలోని పైత్యలవణాలు సబ్బువలె పనిచేసి, క్రొవ్వును సూక్ష్మబిందువులుగా విడగొట్టి, మరల కలిసిపోకుండా చూస్తాయి. ఒక సెంటీమీటరు వ్యాసంగల బొట్టును, మిల్లీమీటరులో వెయ్యవవంతు వ్యాసంగల బిందువులుగా విడగొడితే మొత్తం ఉపరితలం 10,000 రెట్లు పెరుగుతుంది. క్లోమరసంలోని లైపేజ్ అనే ఎంజైము ఈ ఉపరితలం మీదనే పనిచేయగలదు. క్రొవ్వు అణువులో గ్లిసరాలుకు అంటియున్న మూడు ఆమ్లాలలో రెండింటిని అది ఊడదీస్తుంది. ఈ ముక్కలను పైత్యలవణాలు ప్రేవు గోడకు చేరుస్తాయి. గోడలోని కణాలు వాటిని తిరిగి క్రొవ్వుగా కూర్చి క్షీరనాళాలలోకి పంపుతాయి. అక్కడనుండి క్రొవ్వు మెడ మొదట ఎడమవైపునున్న పెద్ద సిరలో రక్తాన్ని కలుస్తుంది.

పైత్యనాళానికి రాయి అడ్డుపడితే, లైపేజ్ ఉన్నా క్రొవ్వులో కొంతభాగం జీర్ణంకాక మలంతో పోతుంది. దానితోపాటు ఎ, డి, ఇ, కె విటమినులూ పోతాయి. కె విటమిను కొరవడితే గాయమైనప్పుడు రక్తం త్వరగా గడ్డకట్టదు.

తరగతిలో రెండు పరీక్షనాళికలలో నీరు, కొంచెం నూనె పోసి, ఒకదానిలో మాత్రం సబ్బునీరు కలిపి, రెంటినీ బాగా కుదిపి నిలబెట్టండి. ఒకదానిలో నూనె వెంటనే పైకి తేలుతుంది; రెండవది పాలవలె తెల్లగా నిలుస్తుంది. పైత్యరసం చేసే పని విద్యార్థుల కళ్ళకు కట్టినట్లవుతుంది.