తేళ్ళు: నల్లవీ, ఎర్రవీ

ఇంట్లో తేలు కనబడింది అనగానే అందరూ అడిగేది ‘ఎంత ఉంది?’ అని. ‘ఏ రకం?’ అని అడిగేవారు అరుదు. అసలు అడగవలసింది అదే.

మండ్రగబ్బ పేరు చెబితే పిల్లలకే కాదు, పెద్దలకు కూడా గుండె ఝల్లుమంటుంది. ఐదారంగుళాల పొడవు, నిగనిగలాడే నలుపు, పీతకున్నంత లావు డెక్కలు! చూపులకు యమకింకరుడే. కాని దాని బలమంతా ఆ డెక్కల్లో ఉన్నది. ఎరను పట్టి నలిపివేయగల దానికి విషంతో అంత పని లేదు. అది కుడితే మంట, వాపు తప్పవు గాని, ప్రాణం మీదికి రావటం బహు అరుదు.

గోడ బీటల్లో, కట్టెల మోపుల్లో, ఒక్కొక్కప్పుడు మన చెప్పుల్లో దాగే ఎర్రతేలు మాత్రం రెండు మూడంగుళాలకు మించదు. డెక్కలు సన్నం, తోక లావు. రంగు కన్న ఇది మంచి గుర్తు. డెక్క లావై తోక సన్నమైతే భయం తక్కువ. డెక్క సన్నమై తోక లావైతే భయం ఎక్కువ. ప్రపంచంలో రెండున్నర వేలకు పైగా తేలు జాతులున్నవి. మనిషిని చంపగలవి వాటిలో కొద్ది పదులే. మన ఎర్రతేలు ఆ కొద్దింటిలో ఒకటి కావటం మన దురదృష్టం. (ఆకాశంలోని వృశ్చికానికి కూడా గుండెలో ఉన్న జ్యేష్ఠ ఎర్రని చుక్కే!)

తేలును పురుగు అంటాము గాని, ఎనిమిది కాళ్ళ ఈ ప్రాణి సాలీడుకు చుట్టం. పిల్లలు తల్లి పొట్ట చీల్చుకొని పుడతవనీ, తల్లి చనిపోతుందనీ మన పెద్దలు చెప్పేవారు. అది నిజం కాదు. పుట్టిన పిల్లలు తెల్లగా, మెత్తగా ఉండి తల్లి వీపు మీదికి ఎక్కుతవి. మొదటిసారి కుబుసం విడిచేదాకా తల్లి వాటిని మోసుకు తిరుగుతుంది. పాపం, తేలుకు కూడా తల్లి మనసు ఉన్నదన్నమాట!

ఇక మంత్రం సంగతి. తేలు మంత్రం వేసేవారూ, చింతపిక్క అరగదీసి అంటించేవారూ మన పల్లెల్లో కొల్లలు. చాలా తేళ్ళ పోటు కొద్ది గంటల్లో దానంతట అదే దిగిపోతుంది. కీర్తి మంత్రానికి దక్కుతుంది. ఎర్రతేలు పసిపిల్లను కుట్టినప్పుడు ఆ గంటలే ప్రాణాంతకం. ఒళ్ళంతా చెమట, వాంతులు, కాళ్ళుచేతులు చల్లబడటం దాని లక్షణాలు. రక్తపోటు హఠాత్తుగా పెరిగి, గుండె అలిసి, ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది. కుట్టినచోట నొప్పి అంతగా లేదు గదా అని ధైర్యపడరాదు సుమా!

మహారాష్ట్రలో, కొంకణంలోని మహాడ్ ప్రాంతంలో ఇటువంటి మరణాలను కళ్ళారా చూసినవారు డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్. ఆయన రోగుల మంచం పక్కనే ఉండి లక్షణాలన్నీ గమనించి, రక్తపోటుకు వాడే ప్రజోసిన్ అనే చౌక మాత్రతో ఈ విషాన్ని ఎదుర్కోవచ్చునని 1986లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. అంతకు పూర్వం విషం ఒంటికెక్కినవారిలో నూటికి 25, 30 మంది దాకా చనిపోయేవారు. సకాలంలో ఈ మందు పడిన తరువాత చావులు బహు స్వల్పమైనవి. ఈ మాత్రతోపాటు విషానికి విరుగుడు మందు కూడా ఇస్తే రోగి ఇంకా త్వరగా కోలుకుంటాడని 2011లో తేలింది. 2022లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. పెద్ద నగరంలోని పెద్ద ప్రయోగశాలలో కాక, పల్లెటూరి ఆసుపత్రిలో జరిగిన పని ఇది.

ఒక్క మాట తల్లులకు. పిల్లలు చీకట్లో వట్టికాళ్ళతో తిరిగి, తిట్లకు భయపడి తేలు కుట్టిన దొంగల్లా ఊరుకుంటారు. తిట్టము, చెప్పమని ముందే వారికి చెప్పి ఉంచాలి. కుట్టిన వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. చెప్పులు దులిపి తొడుక్కోవటం, పక్కబట్టలు విదిలించి పరచుకోవటం మన అమ్మమ్మలు ఎరిగినవే. వారికి లేనిది ఒకటి ఇప్పుడు దొరుకుతున్నది: అతినీలలోహిత కాంతినిచ్చే టార్చిలైటు. చీకటిలో ఆ వెలుగు పడితే నల్లతేలైనా, ఎర్రతేలైనా ఆకుపచ్చగా మెరిసిపోతూ ఎక్కడ దాగినదీ చూపిస్తుంది.