పక్క రాష్ట్రంలో సాగు: కౌలుకి తీసుకోవాలా, కొనాలా? మా నాలుగేళ్ల అనుభవం



ఈ మధ్య చాలామంది ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు. "అన్నా, మీరు ఒంగోలు వైపు నుంచి రాయచూరు జిల్లాకి వెళ్లి ప్రకృతి సేద్యం చేస్తున్నారు కదా, మేం కూడా రావాలనుకుంటున్నాం. ముందు కౌలుకి చెయ్యమంటారా, ఊళ్లో ఉన్నది అమ్మి అక్కడే కొనమంటారా?" ఒక్క ముక్కలో చెప్పే జవాబు కాదిది. అందుకే ఈ వీడియో చేశాను. వీడియోలో నేల, కాలువ, చౌడు మడి అన్నీ చూపించాను. అందులో పట్టని సంగతులు ఇక్కడ రాస్తున్నా.

మేం ఎందుకు కదిలాం

ప్రకాశం జిల్లాలో మాకు మూడెకరాలు, ఒక బోరు. కంది, మిరప, కూరగాయలు జీవామృతంతోనే పండించేవాళ్లం. బోరు తగ్గుతూ వచ్చింది. 2021 వేసవికి మోటారు అరగంట పోసి ఆగిపోయేది.

మా బావమరిది సింధనూరు తాలూకాలో ఒక క్యాంపులో ఉంటాడు. క్యాంపు అంటే తెలియనివాళ్లకి చెబుతా. తుంగభద్ర డ్యాం 1953లో పూర్తయ్యాక, ఎడమ కాలువ కింద సాగు చేసుకోవడానికి కోస్తా జిల్లాల నుంచి మనవాళ్లు చాలామంది వెళ్లారు. గుడిసెలు వేసుకుని తుమ్మచెట్లు కొట్టి నేల బాగు చేశారు. ఆ గుడిసెలే ఊళ్లయ్యాయి. సింధనూరు, గంగావతి, మాన్వి చుట్టుపక్కల ఇప్పటికీ పేరు చివర 'క్యాంపు' అని ఉన్న ఊళ్లు బోలెడు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం.

బావమరిది మాట ఇది: "బావా, అక్కడ మూడు అమ్మితే ఇక్కడ కాలవ కింద రెండొస్తాయి. ఎండిపోయిన మూడు కంటే తడి ఉన్న రెండు మేలు. చట్టం కూడా మారింది, ఇప్పుడు ఎవరైనా కొనొచ్చు."

చట్టం సంగతి నిజమే. కర్ణాటకలో వ్యవసాయం చెయ్యనివాళ్లు, బయటి ఆదాయం ఎక్కువ ఉన్నవాళ్లు సాగు భూమి కొనకుండా 79ఎ, 79బి సెక్షన్లు ఉండేవి. 2020 సవరణతో వాటిని తీసేశారు. నేను దాదాపు ఒప్పేసుకున్నా. మా ఆవిడ ఒప్పుకోలేదు. "ఎండాకాలం చూడకుండా నేల కొనకూడదని మా నాయన అనేవాడు. ఒక ఏడు కౌలుకి చేద్దాం, తర్వాత చూద్దాం" అంది. ఆ మాటే మమ్మల్ని కాపాడింది. ఆ మాట వల్లే ఒక దెబ్బ కూడా తగిలింది. రెండూ చెబుతాను.

కౌలు నేర్పిన పాఠాలు

నాలుగెకరాలు కౌలుకి తీసుకున్నాం. నల్లరేగడి. ఒక పంట కాలంలో మాకు తెలిసినవి ఇవి:

1. కాగితం మీద ఆయకట్టు వేరు, మడిలోకి వచ్చే నీళ్లు వేరు. మేం మొదట కొందామనుకున్న రెండెకరాలు పిల్లకాలువ చివర ఉన్నాయి. కాలువకి నీళ్లు వదిలిన రోజు పైవాళ్ల మడులు తడుస్తాయి. చివరికి చేరేసరికి నారు ముదిరిపోతుంది. ఆ నేల ఎందుకు చవకో అప్పుడు అర్థమైంది.

2. చౌడు. ఏళ్ల తరబడి వరికి నీళ్లు నిలబెట్టిన చోట ఉప్పు పైకి తేలుతుంది. ఆగస్టులో చూస్తే అంతా పచ్చగానే ఉంటుంది. మార్చి, ఏప్రిల్‌లో చూస్తే మడిలో సున్నం చల్లినట్టు తెల్లగా కనిపిస్తుంది. వీడియో మధ్యలో చూపించిన మడి అదే. మట్టి పరీక్షలో పీహెచ్ 8.5 దాటితే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. జీలుగ వేసి కలియదున్నితే మెల్లగా తేరుకుంటుంది గానీ, మురుగు పోయే దారి లేకపోతే ఎంత చేసినా మళ్లీ అదే కథ.

3. పై మడి ఎవరిది? వరిలో నీళ్లు మడి నుంచి మడికి పారతాయి. పైవాళ్లు కొట్టిన మందు, చల్లిన ఎరువు మన మడిలోకే వస్తాయి. మనం ఎంత నిష్ఠగా చేసినా లాభం లేదు. కాబట్టి విడిగా తూము ఉందా, గట్టు పక్కన వేరే బోదె తీసుకునే వీలుందా చూడాలి.

4. అమ్మకం. ఒంగోల్లో మా బియ్యం, కందిపప్పు ఇంటికొచ్చి తీసుకెళ్లేవాళ్లు ఉండేవారు. కొత్త చోట మనమెవరో ఎవరికీ తెలియదు. మొదటి పంట సగం మామూలు ధరకే మిల్లుకి పోయింది.

ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా పొలం చూడ్డానికి వెళ్లిన ఒక్క పూటలో తెలిసేది కాదు.

తగిలిన దెబ్బ

ఇక రెండో వైపు. కౌలు నేల అని మేం చిన్నచూపు చూడలేదు. ఎకరానికి నాలుగు వందల కిలోల ఘనజీవామృతం, వానలకి ముందు నవధాన్యాలు, పదిహేను రోజులకొకసారి జీవామృతం. మరో నలుగురు రైతులతో కలిసి పీజీఎస్ గ్రూపులో చేరాం. రెండో ఏడు పంట కోశాక పార దిగితే గడ్డ పిండిలా విడిపోయింది. వానపాము విసర్జన కనిపించింది. ఆ రోజు తీసిన చిన్న వీడియో మీలో కొందరు చూసే ఉంటారు.

2023 ఉగాదికి యజమాని ఇంటికొచ్చారు. "నేల బాగా తేరుకుంది. ఈ ఏడు మా అబ్బాయే చేసుకుంటానంటున్నాడు" అన్నారు. అంతే. పీజీఎస్‌లో కన్వర్షన్ దశలో ఉన్నంతకాలం 'గ్రీన్' ముద్ర, అది పూర్తయ్యాకే 'ఆర్గానిక్' ముద్ర. మాకు ఆ ముద్ర వచ్చే వేళకి నేల చేతులు మారింది. కొత్త నేలలో మళ్లీ ఒకటి నుంచి లెక్క. మా ఆవిడ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

ఆయన మీద నాకు కోపం లేదు. ఎందుకు లేదో కూడా చెప్పాలి.

కర్ణాటకలో 1974లో వచ్చిన భూసంస్కరణలతో దున్నేవాడికే భూమి దక్కింది. సైనికులు, ఓడల్లో పనిచేసేవాళ్లు లాంటి కొద్దిమందికి తప్ప సాగు భూమిని కౌలుకివ్వడమే చట్టం ఒప్పుకోదు. పేద రైతుకి మేలు చేసిన చట్టమే అది. కానీ కౌలు ఆగలేదు, నోటిమాట మీదకి మారింది. ఒకే మనిషికి ఏళ్ల తరబడి ఇస్తే ఎక్కడ హక్కు అడుగుతాడోనని యజమానికి భయం. అందుకే ఉగాది నుంచి ఉగాదికి మాట్లాడతారు, మనిషిని మారుస్తూ ఉంటారు. స్టాంపు కాగితం మీద ఐదేళ్లు రాయించుకున్నా అది మనల్ని కాపాడుతుందనుకోకండి. ఏ ఒప్పందమైనా ముందు లాయర్‌కి చూపించండి.

మన రాష్ట్రంలోనూ తేడా కొంచెమే. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం ప్రకారం సాగుదారు కార్డు వస్తుంది గానీ, యజమాని సంతకం పెట్టాలి, గడువు పదకొండు నెలలే. తెలంగాణలో పెట్టుబడి సాయం పట్టా ఉన్నవాళ్ల పేరు మీదే పడుతుంది.

రసాయన సేద్యం చేసేవాడికి ఏడాది కౌలు సరిపోతుంది. ఈ ఏడు వేసిన యూరియా ఈ ఏడే పనిచేస్తుంది. మన పెట్టుబడి అలాంటిది కాదు. ఈ ఏడు వేసింది మూడో ఏడు చేతికొస్తుంది. మనకి కౌలు నష్టం ఎక్కువ అనడానికి అసలు కారణం ఇదే.

కదిలేవి కౌలుకి, కదలనివి సొంతానికి

ఆ దెబ్బ తర్వాత మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం.

కౌలు నేలలో మనతో తీసుకెళ్లగలిగేవే ఉండాలి. ఆవు మనతో వస్తుంది. విత్తనం వస్తుంది. డ్రమ్ములు, పైపులు, కలుపు తీసే వీడర్ వస్తాయి. కొనేవాళ్ల ఫోన్ నంబర్లు వస్తాయి. కౌలు నేలలో ఏ ఏటికాయేడు ఫలితమిచ్చే జీవామృతం, పచ్చిరొట్ట, అంతర పంట వరకే ఆగండి. అదనంగా ట్రాక్టర్ల కొద్దీ పశువుల ఎరువు తోలడం, కందకాలు తవ్వడం, చెట్లు పెట్టడం సొంత నేలకి దాచుకోండి.

ఆవు విషయంలో ఒక మాట. మా ఒంగోలు ఆవుని తమ్ముడి దగ్గరే ఉంచి వచ్చాం. ఇక్కడి ఎండకి, ఇక్కడి మేతకి అలవాటైన నాటు ఆవుని ఇక్కడే కొన్నాం. పేడ, మూత్రానికి ఏ నాటు ఆవైనా ఆవే.

లెక్క వేసుకుందాం

ఉదాహరణకి ఎకరం 20 లక్షలు, కౌలు ఏడాదికి 30 వేలు అనుకుందాం. మీ ప్రాంతం ధరలు మీరు వేసుకోండి. 20 లక్షలు బ్యాంకులో 7 శాతానికి వేస్తే ఏడాదికి 1,40,000 వస్తుంది. అంటే చేతిలో డబ్బున్నా ఎకరం మీద కౌలు కంటే 1,10,000 ఎక్కువ పడుతున్నట్టు. అదే అప్పు తెచ్చి 12 శాతం కడితే 2,40,000. ఏ వరీ ఎకరానికి అంత మిగల్చదు.

భూమి ధర పెరుగుతుంది కదా అంటారు. నిజమే, కానీ అది అమ్మిన రోజు డబ్బు. వడ్డీ ప్రతి ఏడూ కట్టాలి. అప్పు చేసి కొన్నవాడు మొదటి రెండు మూడేళ్లు దిగుబడి తగ్గితే తట్టుకోలేక మళ్లీ యూరియా బస్తా తెస్తాడు. నా కళ్లతో చూశాను. అందుకే అప్పుతో పదెకరాల కంటే అప్పు లేకుండా రెండెకరాలు మేలు.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది. నది నిండా నీళ్లు పోతుంటే ఆ వారం మా క్యాంపులో ఎవరికీ నిద్ర లేదు. కన్నయ్యనాయుడు గారి ఆధ్వర్యంలో తాత్కాలిక గేటు దించారు, వానలు కూడా దయతలచి డ్యాం మళ్లీ నిండింది. కానీ ఆ వారం మాకు పోయేది ఒక పంట, ఒక కౌలు. పక్కింటాయన అప్పు చేసి కొన్నాడు. ఆయన ముఖం చూస్తే తేడా తెలిసింది.

కొనేటప్పుడు చూడాల్సినవి

2025లో ఊళ్లో నేల అమ్మకుండా, దాచుకున్నదానితో ఎకరంన్నర కొన్నాం. చివరి ఆయకట్టు కాదు, విడి తూము ఉన్న చోటు. కొనేముందు చూసినవి:

- పహణి, అంటే ఆర్‌టీసీ. భూమి పోర్టల్‌లో వస్తుంది. 9వ గడిలో యజమాని పేరు, 11వ గడిలో అప్పులు, హక్కులు ఉంటాయి.
- ఈసీ. ఎన్నేళ్ల వెనక్కి వీలైతే అన్నేళ్లది తీయించండి.
- సర్వే నంబర్లో కొంత భాగమే కొంటుంటే 11ఇ స్కెచ్ ఉండాలి.
- ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకి ప్రభుత్వం ఇచ్చిన భూమా అని తప్పకుండా చూడండి. 1978 చట్టం ప్రకారం అనుమతి లేకుండా కొంటే నేల తిరిగి ఆ కుటుంబానికే పోతుంది. ఎన్నేళ్ల తర్వాతైనా అడగొచ్చని 2023లో సవరణ కూడా వచ్చింది. మన దగ్గర అసైన్డ్ భూమి ఎలాగో ఇదీ అలాగే. అది వాళ్ల హక్కు, చవకని ఆశపడొద్దు.

వేరే రాష్ట్రం అనుకుంటే అక్కడి చట్టం వేరు. మహారాష్ట్రలో రైతునని రుజువు చూపాలి. మన ఏజెన్సీ ప్రాంతాల్లో 1/70 చట్టం వల్ల గిరిజనేతరులు అసలు కొనకూడదు.

చివరిగా

ఇప్పుడు ఎకరంన్నర సొంతం, మూడెకరాలు కౌలు. గట్ల మీద మునగ, కొబ్బరి, గిరిపుష్పం పెట్టాం. ఊళ్లో మూడెకరాలు తమ్ముడు చేస్తున్నాడు, అక్కడ కందికి నీళ్ల బెంగ లేదు.

నన్నడిగితే, ముందు కౌలుకి చెయ్యండి. కనీసం ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూడండి. కానీ కౌలులోనే ఏళ్లు గడిపెయ్యకండి. చిన్నదైనా ఒక ముక్క సొంతం చేసుకోండి. ఊళ్లో నేల మాత్రం చివరి దాకా అమ్మకండి.

వీడియో చివర్లో మా ఆవిడ మునగ మొక్క నాటుతోంది చూడండి. నాలుగేళ్లలో ఈ రాష్ట్రంలో మేం పెట్టిన మొదటి చెట్టు అది. నాటుతూ ఏమందో వినపడకపోతే ఇక్కడ రాస్తున్నా: "ఇక దీన్ని ఎవరూ ఖాళీ చెయ్యమనరు."

వచ్చే వీడియోలో చౌడు మడిని జీలుగతో ఎలా తేరుస్తున్నామో చూద్దాం. ఉంటాను.